పిల్లల బొమ్మల పుస్తకం: రచన, సొంత ప్రచురణ



ఈ పాఠంలో ఒక చిన్న పుస్తకం ఎలా తయారవుతుందో చూద్దాం. 24 పేజీలు, ఒక అట్ట, మహా అయితే 200 మాటలు. అక్షరాలు రాని పిల్లలు కూడా ఒళ్లో పెట్టుకొని చూసే బొమ్మల పుస్తకం. దాన్ని రాయటం, బొమ్మలతో కూర్చటం, ఏ ప్రచురణ సంస్థ కోసమూ ఎదురుచూడకుండా మీరే అచ్చు వేయించటం మన విషయం. మాటలు తక్కువ కదా, ఒక సాయంత్రంలో అయిపోతుందనుకోకండి. 200 మాటల్లో పది మాటలు అనవసరమైనవి పడితే పెద్ద నవలలో లాగా అవి ఎక్కడా దాక్కోలేవు.

ఉదాహరణకు ఒక ఊరు కావాలి. హైదరాబాదునో విజయవాడనో తీసుకోవచ్చు. కాని ఇలాంటి పుస్తకం అవసరం బాగా తెలిసే ఊరు తీసుకుందాం. అది పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్.

ఖరగ్‌పూర్ పిల్లలు, వాళ్ల తెలుగు

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. తూర్పు తీర రైలుమార్గంలో వాల్తేరు నుంచి కటకం దాకా ఉన్న ఉత్తర భాగం 1902లో ఆ కంపెనీ చేతికి వచ్చింది. ఖరగ్‌పూర్ జంక్షన్‌గానూ వర్క్‌షాపు ఊరుగానూ పెరుగుతున్న రోజులవి. పని కావలసిన ఉత్తరాంధ్ర మనుషులకు, మనుషులు కావలసిన రైల్వేకు మధ్య పట్టాలు పడ్డాయి. నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వేల కుటుంబాలు అలా వెళ్లి అక్కడే స్థిరపడ్డాయి. నిమ్‌పురా, మధురాకాటి వంటి పేటల్లో తెలుగు ఇప్పటికీ వినపడుతుంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు రాష్ట్ర అధికార భాషల్లో చోటు ఇవ్వాలని నిర్ణయించింది. అందుకు ముఖ్య కారణం ఈ ఊరి తెలుగువారే.

ఇప్పుడు అక్కడి ఒక ఆరేళ్ల పిల్లను ఊహించుకోండి. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బజారులో బెంగాలీ, బడిలో మరో భాష. మామ్మతో గలగలా తెలుగు మాట్లాడుతుంది. కాని తెలుగు అక్షరం చూపిస్తే ముగ్గు అనుకుంటుంది. ఆ పిల్ల చేతిలో తెలుగు వాచకం పెడితే మొదటి పేజీలోనే ఓడిపోతుంది. దొరికే తెలుగు బొమ్మల పుస్తకాల్లో ఎక్కువగా చెరువుగట్టు, పొలం, ఎడ్లబండి ఉంటాయి. అవి అందమైనవే. ఈ పిల్ల రోజూ చూసే రైల్వే క్వార్టర్లు, వర్క్‌షాపుకు సైకిళ్ల మీద వెళ్లే మనుషులు వాటిలో ఉండటం అరుదు. వేల ప్రతులు అమ్ముడుపోవాలని చూసే ప్రచురణకర్త ఒక్క ఊరి పిల్లల కోసం రంగుల పుస్తకం వేయడు. అందులో అతని తప్పేమీ లేదు, లెక్క అలాంటిది. కాబట్టి ఆ పుస్తకం ఆ ఊరివాళ్లే వేసుకోవాలి.

చదవటం రాని పిల్లకు పుస్తకం ఎలా పనికొస్తుందని మీరు అడగవచ్చు. ఈ పాఠంలో అసలు సంగతి అదే.

బొమ్మ చెప్పేది, మాట చెప్పేది

కథ రాసి, పక్కన బొమ్మలు వేస్తే బొమ్మల కథల పుస్తకం అవుతుంది. చందమామలో మనం చదివినవి అలాంటివి. బొమ్మలు తీసేసినా కథ నిలుస్తుంది. బొమ్మల పుస్తకం అలా కాదు. అందులో బొమ్మ తీసేస్తే కథ సగమే మిగలాలి, మాటలు తీసేసినా సగమే మిగలాలి. రెండూ పని పంచుకుంటాయి.

ఈ విద్య మనకు కొత్తది కాదు. ఖరగ్‌పూర్ ఉన్న పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోనే, పింగ్లా ప్రాంతంలో నయా అనే పల్లె ఉంది. అక్కడ పటువాలు అనే చిత్రకారుల కుటుంబాలున్నాయి. అందరి ఇంటిపేరూ చిత్రకార్. వారు పొడవాటి కాగితం మీద గడులు గడులుగా కథ బొమ్మలు వేస్తారు. వెనక పాత చీర గుడ్డ అంటిస్తారు. పసుపు నుంచి పసుపురంగు, శంఖుపువ్వు నుంచి నీలం, దీపపు మసి నుంచి నలుపు తీసి, మారేడుకాయ జిగురు కలుపుతారు. ఆ చుట్టను ఒక్కో గడే విప్పుతూ, వేలితో చూపుతూ, పాట పాడతారు. పాటలో ఉన్నదంతా బొమ్మలో ఉండదు, బొమ్మలో ఉన్నదంతా పాటలో ఉండదు. వినేవాడి కళ్లు తరువాతి గడి కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. తెలంగాణలో చేర్యాల నకాషీ పటాలతో కథ చెప్పే పద్ధతీ ఇలాంటిదే. నయా చిత్రకారులు జయదేవ్, మొయినా చిత్రకార్ 2004 నాటి సునామీ మీద వేసిన పటాన్ని చెన్నైలోని తారా బుక్స్ 2009లో పుస్తకంగా తెచ్చింది. ఆ పుస్తకం కూడా పటంలాగే విప్పుకుంటుంది.

పటువా చుట్ట విప్పే క్షణమే మన పుస్తకంలో పేజీ తిప్పే క్షణం. కథ రాసేటప్పుడు వాక్యం ఎక్కడ ముగిసిందని కాదు, పిల్లవాడు పేజీ ఎక్కడ తిప్పుతాడని ఆలోచించాలి.

ఒక కథను పేజీల్లో పరుద్దాం

ఖరగ్‌పూర్ స్టేషన్ ప్లాట్‌ఫాం పొడవు 1072.5 మీటర్లు. చాలా ఏళ్లు అది ప్రపంచంలోకెల్లా పొడవైనది. 2013లో గోరఖ్‌పూర్ (సుమారు 1366 మీటర్లు), 2023లో కర్ణాటకలోని హుబ్బళ్లి (1507 మీటర్లు) దాన్ని దాటాయి. పాత సామాన్యజ్ఞాన పుస్తకాలను నమ్మి ‘ప్రపంచంలో అతి పొడవైన ప్లాట్‌ఫాం’ అని రాస్తే మీ పుస్తకం అచ్చయిన రోజే పాతబడుతుంది. ‘మా ఊరి పొడవాటి ప్లాట్‌ఫాం’ అంటే ఎప్పటికీ నిజమే.

24 పేజీల పుస్తకం తెరిస్తే మొదటి పేజీ ఒంటరిగా ఉంటుంది, చివరి పేజీ ఒంటరిగా ఉంటుంది. మధ్యలో 2-3, 4-5 అలా 22-23 దాకా 11 జంట పేజీలు. మొదటి పేజీలో పుస్తకం పేరు వేద్దాం. ఇక 1072.5ను 11తో భాగించండి. సరిగ్గా 97.5. అంటే ఒక్కో జంట పేజీకి దాదాపు వంద మీటర్ల ప్లాట్‌ఫాం. ఇంతకన్నా మంచి చట్రం ఏం కావాలి?

కథ ఇలా అనుకుందాం. బుజ్జి వాళ్ల నాన్నతో స్టేషన్‌కు వచ్చింది. పలాస నుంచి మామ్మ వస్తోంది. వీళ్లు ప్లాట్‌ఫాం ఈ కొసన ఉన్నారు. మామ్మ ఉన్న బోగీ ఆ కొసన ఆగింది. బుజ్జి, నాన్న అటు నడుస్తారు. మామ్మ ఇటు నడుస్తుంది. ఆరో జంట పేజీలో, అంటే ప్లాట్‌ఫాం నడుమ, టీ దుకాణానికి అటు ఒకరు ఇటు ఒకరు, చూసుకోకుండా దాటిపోతారు. ఆ పేజీలో ఒక్క మాట కూడా ఉండకూడదు. బొమ్మ చూస్తున్న పిల్లలే అరుస్తారు: “అదుగో మామ్మ! అదుగో!”

గమనించారా? తెలుగు చదవటం రాని పిల్ల తెలుగులో అరిచింది. బుజ్జికి తెలియనిది, మాటల్లో లేనిది, ఆ పిల్ల తన కళ్లతో చదివింది. మాటలు చదివిపెట్టే అమ్మకన్నా ముందే చదివింది. ఇక ఆ పుస్తకం ఆ పిల్లది.

కథ ముగియటానికి ఒక ఆధారం కావాలి. మామ్మ సంచికి చిన్న చిరుగు పెట్టండి. సంచిలో పలాస జీడిపప్పు. రెండో జంట పేజీ నుంచి పలుకులు ఒక్కొక్కటే నేల మీద రాలుతుంటాయి, మాటల్లో మాత్రం ఆ ప్రస్తావనే ఉండదు. తొమ్మిదో జంట పేజీలో, ఆ కొసన దిగులుగా నిలబడ్డ బుజ్జికి కాళ్ల దగ్గర ఒక పలుకు కనిపిస్తుంది. పదిలో వెనక్కి పరుగు, పదకొండులో మామ్మ. చివరి ఒంటరి పేజీలో ఖాళీ సంచి, పొట్ట నిండిన ఒక స్టేషన్ కుక్క. పుస్తకం మూశాక పిల్లలు మళ్లీ మొదటికి వెళ్తారు, ఆ కుక్క ఏ పేజీ నుంచి వెంటపడిందో వెతకటానికి. (అందుకని కుక్కను ముందు పేజీల్లో ఎక్కడో ఒక మూల తప్పక వేయాలి.)

ఇప్పుడు మాటల సంగతి. మొదటి ప్రయత్నంలో చాలామంది ఇలా రాస్తారు: ‘ఎర్ర గౌను వేసుకున్న బుజ్జి నాన్న చేయి పట్టుకొని పొడవైన ప్లాట్‌ఫాం మీద ఆత్రంగా నడిచింది.’ గౌను ఎరుపు బొమ్మలో ఉంది. చేయి పట్టుకోవటం బొమ్మలో ఉంది. ప్లాట్‌ఫాం పొడవు బొమ్మలో ఉంది. ఆత్రం బొమ్మలో లేకపోతే చిత్రకారుణ్ణి మార్చాలి. మిగిలేది ఏమిటి? బొమ్మ చెప్పలేనిది: శబ్దం, వాసన, మనసులో మాట, కాలం. ‘టీ దగ్గర మామ్మ లేదు.’ అంతే చాలు. తరువాతి పేజీలో ‘పుస్తకాల దగ్గర మామ్మ లేదు.’ ఒకే వాక్యం మళ్లీ మళ్లీ వస్తే మూడో పేజీకల్లా పిల్లలు మీకన్నా ముందు చెప్పేస్తారు. వాక్యం తిరిగి రావటం పెద్దల రచనలో విసుగు పుట్టించవచ్చు, ఇక్కడ మాత్రం అది పిల్లలకు చేయూత.

ఒక జాగ్రత్త. మీ బొమ్మల్లో ఎవరూ పట్టాలు దాటకూడదు. కథకు అడ్డం వచ్చినా సరే, వంతెన మీదుగానే నడిపించండి. రైల్వే ఊళ్లో ఇది చిన్న విషయం కాదు.

ఏ తెలుగు?

ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన ఇళ్లలో ‘ఏమిటి’ అనరు, ‘ఏటి’ అంటారు. అక్కను ‘అప్ప’ అంటారు. దాని మీద వంద ఏళ్ల బెంగాలీ, హిందీ మాటలు చేరాయి. పుస్తకంలో ఏ భాష రాయాలి? కథ చెప్పే వాక్యాలు అందరికీ తెలిసిన వాడుక తెలుగులో, మనుషుల మాటలు వాళ్లింటి తెలుగులో ఉంచితే మంచిదని నా అభిప్రాయం. మామ్మ “ఏటే బుజ్జీ, ఎక్కడికెల్లిపోనావు?” అంటే ఆ పిల్ల ఉలిక్కిపడి నవ్వుతుంది. తన ఇంటి మాట అచ్చులో ఉండటం అదే మొదటిసారి కావచ్చు.

ఈ విషయంలో మనకు పెద్ద అండ ఉంది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్నప్పుడు, రాత లేని సవర భాషను నేర్చుకొని, సవర పిల్లల కోసం వాళ్ల భాషలోనే వాచకాలు తయారుచేశారు. పుస్తకం పిల్లల నోటి దగ్గరకు వెళ్లాలి గాని, పిల్లల నోరు పుస్తకం దగ్గరకు రావాలని ఆయన అనుకోలేదు.

లిపి విషయంలో ఒక ఆశ కలుగుతుంది: తెలుగు వాక్యం కింద అదే వాక్యాన్ని బెంగాలీ లిపిలోనో దేవనాగరిలోనో వేస్తే పిల్లలే చదువుకుంటారు కదా అని. రెండు చిక్కులున్నాయి. బెంగాలీలో, హిందీ రాసే దేవనాగరిలో, మన ఎ-ఏ, ఒ-ఓ తేడా చూపే అక్షరాలు లేవు. ‘కొడి’, ‘కోడి’ ఒకటే అయిపోతాయి. బెంగాలీలో మన ‘ళ’కు కూడా అక్షరం లేదు. రెండో చిక్కు ఇంకా పెద్దది. తెలిసిన లిపి కింద ఉంటే పిల్లల కన్ను పై లిపి మీద ఒక్కసారి కూడా వాలదు. అందుకని అలాంటి సాయం కావాలనుకుంటే పుస్తకం చివర లోపలి అట్ట మీద మొత్తం కథ ఒకేచోట వేయండి, చదివిపెట్టే పెద్దల కోసం.

నమూనా పుస్తకం

ఆరు ఎ4 కాగితాలు తీసుకొని మధ్యకు మడిచి ఒకదానిలో ఒకటి పెట్టండి. 24 పేజీలు వచ్చాయి. పెన్సిల్‌తో గీతల మనుషులను వేయండి. మాటలు చీటీల మీద రాసి గుండుసూదితో గుచ్చండి, జిగురు పెట్టకండి. ఎందుకంటే అవి పది సార్లు చోటు మారతాయి.

దీన్ని ఒక చిన్న పిల్ల ముందు చదవండి. చదివేటప్పుడు కాగితం వైపు కాదు, పిల్ల ముఖం వైపు చూడండి. ఏ పేజీ తొందరగా తిప్పేసింది? ఎక్కడ వేలు పెట్టింది? ఎక్కడ కిటికీలోంచి బయటకు చూసింది? ‘బాగుందా?’ అని అడగకండి. పిల్లలు మర్యాదకు బాగుందంటారు. ముగ్గురు పిల్లలు ఒకే పేజీలో కిటికీ వైపు చూశారంటే ఆ పేజీ మార్చాల్సిందే.

బొమ్మలు వేయటం రాకపోతే? వేయగల మిత్రుణ్ణి కలుపుకోండి. లేదా ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వేదికలో వేల బొమ్మలు స్వేచ్ఛా అనుమతితో ఉన్నాయి. చిత్రకారుల పేరు చెప్పి వాటిని వాడుకోవచ్చు. కాని ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం అందులో దొరుకుతుందని ఆశపడకండి. సొంత ఊరి పుస్తకానికి సొంతంగా వేసిన వంకరటింకర బొమ్మే చాలాసార్లు నయం.

సొంతంగా అచ్చు వేసినవాళ్లు

ప్రచురణకర్త దొరకనివాళ్లే సొంతంగా వేసుకుంటారని ఒక చిన్నచూపు ఉంది. చరిత్ర అలా చెప్పటం లేదు. ఖరగ్‌పూర్ జిల్లావాడే అయిన ఈశ్వరచంద్ర విద్యాసాగర్ (1820లో బీర్‌సింహ గ్రామంలో జన్మించారు) మిత్రుడు మదనమోహన తర్కాలంకార్‌తో కలిసి 1847లో సంస్కృత ప్రెస్ పెట్టారు. చేతిలో డబ్బు లేదు. 600 రూపాయలు అప్పు చేశారు. మొదట భారతచంద్రుని ‘అన్నదామంగళ్’ అచ్చు వేశారు. ఫోర్ట్ విలియం కళాశాల వంద ప్రతులు కొన్నది, ప్రతికి ఆరు రూపాయలు. లెక్క వేయండి, అప్పు తీరిపోయింది. ఆ తరువాత 1855లో వచ్చిన ఆయన ‘వర్ణపరిచయ్’ తరతరాల బెంగాలీ పిల్లలకు అక్షరాలు నేర్పింది. రాసింది ఆయనే, వేసింది ఆయనే, అమ్మే దుకాణమూ ఆయనదే. ముందే కొనే చేతిని చూసుకొని అచ్చుకు దిగటం ఇక్కడ నేర్చుకోవలసిన తెలివి.

ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురిది మరో దారి. సత్యజిత్ రాయ్ తాతగారు ఆయన. పిల్లల రామాయణానికి తాను వేసిన బొమ్మలను చెక్క అచ్చులు పాడుచేశాయని బాధపడి, 1895లో ఇంగ్లండు నుంచి హాఫ్‌టోన్ పరికరాలు తెప్పించుకొని, బొమ్మల ముద్రణనే శాస్త్రంగా చదివారు. ఆయన పెట్టిన ముద్రణాలయం నుంచే 1913లో ‘సందేశ్’ పిల్లల పత్రిక వచ్చింది. ఇంగ్లండులో బియాట్రిక్స్ పాటర్ కుందేలు పిల్ల పీటర్ కథను ప్రచురణకర్తలు తిప్పి పంపితే 1901 డిసెంబరులో 250 ప్రతులు సొంత ఖర్చుతో వేయించుకున్నారు. చిన్న చేతుల్లో పట్టేంత చిన్న పుస్తకం. మరుసటి ఏడాది వార్న్ సంస్థ దాన్నే రంగుల్లో ప్రచురించింది. ఆ కథ అంతకు ముందు, 1893లో, జబ్బుపడ్డ ఒక పిల్లవాడికి రాసిన బొమ్మల ఉత్తరం. వందల ప్రతుల సంగతి తరువాత. మొదట అది ఒక్క పిల్లవాడి కోసం పుట్టింది.

అచ్చాఫీసు దగ్గర

ఇక్కడ ఖరగ్‌పూర్‌కే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. మీ పుస్తకం ఖరగ్‌పూర్‌లోనో కొల్‌కతాలోనో అచ్చవుతుంది. అక్కడ పని చేసేవారికి తెలుగు రాకపోవచ్చు. వత్తు ఊడిపోయినా, కొమ్ము ఎగిరిపోయినా వాళ్ల కంటికి తెలియదు. విజయవాడ ప్రెస్సులో ఎవరో ఒకరు ‘ఇదేంటి సార్’ అని అడుగుతారు, ఇక్కడ అడిగేవారు ఉండరు. కాబట్టి మాటల ఫైలు పంపకండి. పేజీలన్నీ మీరే కూర్చి, ఖతులు అందులోనే ఇమిడిపోయిన పీడీఎఫ్ ఇవ్వండి. పేజీలు కూర్చే కొన్ని సాఫ్ట్‌వేర్లలో భారతీయ లిపుల అమరిక ఎంచుకోకపోతే ‘అమ్మ’ విడిపోయి ‘అమ్‌మ’ అవుతుంది. యూనికోడ్ ఖతి వాడండి. మండలి, సురన్న, గిడుగు వంటి స్వేచ్ఛగా వాడుకోదగ్గ తెలుగు ఖతులు ఉన్నాయి. ప్రూఫు తెరమీద కాదు, కాగితం మీద, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చూడండి. 200 మాటలే కదా!

అక్షరం పెద్దదిగా ఉండాలి, 18 పాయింట్లకు తగ్గకూడదు. తెలుగుకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య ఇంగ్లీషు పుస్తకంలోకన్నా ఎక్కువ ఖాళీ కావాలి. లేకపోతే పై వరుస వత్తు కింది వరుస గుడి మీద కూర్చుంటుంది. చిత్రకారుడు ప్రతి జంట పేజీలో మాటల కోసం ఖాళీ ఆకాశమో ఖాళీ గోడో ముందే వదలాలి. నిండు బొమ్మ మీద అక్షరాలు వేస్తే రెండూ చెడతాయి.

బొమ్మలు అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేయాలి. ప్రెస్సులో వాడేవి నాలుగు సిరాలు: నీలం, గులాబి, పసుపు, నలుపు. తెర మీద మెరిసే ఆకుపచ్చ, నారింజ కాగితం మీద కొంచెం మసకబారతాయి. అది ప్రెస్సువారి మోసం కాదు. పేజీ అంచుదాకా బొమ్మ కావాలంటే నాలుగువైపులా 3 మిల్లీమీటర్లు అదనంగా వేయాలి, కత్తిరింపులో పోవటానికి. జంట పేజీ నడుమ మడత పడే చోట ఎవరి ముఖమూ ఉంచకండి. మన కథలో టీ దుకాణం స్తంభం సరిగ్గా అక్కడ పెట్టుకోవచ్చు! అటు బుజ్జి, ఇటు మామ్మ.

ఎన్ని ప్రతులు వేయాలి? డిజిటల్ ముద్రణలో ప్లేట్ల ఖర్చు లేదు, కాని ప్రతి కాపీ ఖరీదైనది. ఆఫ్‌సెట్‌లో ముందు ఖర్చు ఎక్కువ, తరువాత ప్రతి కాపీ చవక. లెక్క అర్థం కావటానికి మాత్రమే ఈ అంకెలు తీసుకోండి: డిజిటల్‌లో కాపీకి 60 రూపాయలు; ఆఫ్‌సెట్‌లో మొదటి ఖర్చు 12,000, ఆపైన కాపీకి 20. తేడా 40. 12,000ను 40తో భాగిస్తే 300. అంటే 300 కాపీల లోపు డిజిటల్, దాటితే ఆఫ్‌సెట్. మీ ఊరి ప్రెస్సు చెప్పే ధరలు ఇదే లెక్కలో పెట్టి చూసుకోండి. మొదటిసారి వంద చాలు. మంచం కింద మిగిలిపోయిన 900 కాపీలు చాలామంది ఉత్సాహాన్ని చంపాయి.

హక్కులు, నంబర్లు

ఐఎస్‌బీఎన్ నంబరు మన దేశంలో ఉచితం. కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామమోహన్ రాయ్ జాతీయ సంస్థ ఇస్తుంది, రచయిత స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు. దానికి డబ్బు అడిగేవారిని దూరం పెట్టండి. ‘మీ పుస్తకం మేం వేస్తాం, మీరు ఇంత కట్టండి’ అనే సంస్థలు వస్తే రెండు ప్రశ్నలు వేయండి: నంబరు ఎవరి పేరు మీద? హక్కులు ఎవరివి? జవాబు నసుగుతూ వస్తే లేచి రండి.

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన క్షణమే హక్కు మీది, నమోదు తప్పనిసరి కాదు. చిత్రకారుడు వేరే మనిషైతే ఎంత ఇస్తారో, ఎన్నేళ్లకో కాగితం మీద రాసుకోండి, స్నేహితుడైనా సరే. హక్కుల బదిలీలో కాలం రాయకపోతే చట్టం అయిదేళ్లనే భావిస్తుంది. చిత్రకారుడి పేరు అట్ట మీద మీ పేరుతో సమానమైన అక్షరాల్లో ఉండాలి. సగం కథ ఆయనే చెప్పారు మరి. నయా పటువాతో బొమ్మలు వేయించుకుంటే ఈ మాట రెండింతలు వర్తిస్తుంది. జానపద కళ అనగానే పేరు లేకుండా వాడుకోవచ్చనుకునే అలవాటు మనలో ఇంకా పోలేదు.

1954 నాటి చట్టం ప్రకారం ప్రచురించిన 30 రోజుల్లో కొల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి, చట్టం పేర్కొన్న మరో మూడు గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి సొంత ఖర్చుతో పంపాలి. ఖరగ్‌పూర్ నుంచి హౌరాకు రైల్లో సుమారు 115 కిలోమీటర్లే. జాతీయ గ్రంథాలయం ప్రతిని మీరే తీసుకెళ్లి ఇచ్చి రావచ్చు.

ఇక అమ్మకం. ఉగాది సభలు, గుడి దగ్గర పండుగలు, పేటలోని తెలుగు సంఘాలు మీ దుకాణాలు. అచ్చుకు ముందే పేర్లు రాసుకొని సగం డబ్బు తీసుకోండి, విద్యాసాగర్ వంద ప్రతులను గుర్తు పెట్టుకోండి. పుస్తకం ఇచ్చి ఊరుకోకుండా ఒకసారి కూర్చొని చదివి చూపండి. మాటలు లేని ఆరో జంట పేజీ దగ్గర ఏం చేయాలో పెద్దలకు తెలియదు, ‘ఇక్కడ అచ్చు పడలేదేమో’ అంటారు. పిల్లలు చెప్పేదాకా నోరు మూసుకొని ఆగమని వాళ్లకు చెప్పాలి.

మొదటి ముద్రణలో ఒక ప్రతిని పక్కన పెట్టి, దాని మీద పెద్ద అక్షరాలతో ‘దిద్దుబాటు ప్రతి’ అని రాయండి. ఎవరు ఏ తప్పు చూపినా, ఏ పేజీలో పిల్లలు ఏమని అరిచినా అందులోనే ఎర్ర సిరాతో, తేదీ వేసి రాయండి. రెండో ముద్రణకు అచ్చాఫీసుకు వెళ్లేటప్పుడు చేతిలో పట్టుకెళ్లవలసింది అదే.